వీపు రెక్క విప్పి చూడండి



మృగశిర కార్తె నాడు మన వైపు చేపల కూర వండని ఇల్లు తక్కువే. జూన్ మొదటి వారం దాటగానే పటాన్‌చెరు నుంచి ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి దాకా హైవే పక్కన నీలం టబ్బులు వెలుస్తాయి. టబ్బులో బెత్తెడు నీళ్లు, ఆ నీళ్లలో ఒకదాని మీద ఒకటి పడి కదులుతున్న నల్లటి పొడుగాటి చేపలు. ఏం చేప అని అడిగితే అన్ని టబ్బుల దగ్గరా ఒకటే జవాబు.

"కొర్రమట్టనే అక్కా. జిందా ఉన్నది, సూడు."

జిందా ఉన్న మాట నిజమే. కొర్రమట్ట, అంటే కొర్రమీను, అన్న మాట మాత్రం చూసుకోవాలి. టబ్బులో బతికి ఉన్నంత మాత్రాన అది కొర్రమీను అయిపోదు. మట్టగిడస కూడా అంతే సేపు బతుకుతుంది. మార్పు చేప బతుకుతుంది, దేశంలో పెంచకూడదని నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కూడా బతుకుతుంది. వీటన్నిటికీ మొప్పలతో పాటు గాలి పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంది. కొర్రమీనుకైతే తల లోపల, మొప్పల పైభాగంలో ఒక గది ఉంటుంది. ఆ చేప మాటిమాటికీ పైకి వచ్చి గుక్కెడు గాలి మింగి పోవాల్సిందే. పైకి రాకుండా వల అడ్డం పెట్టి నీళ్లలోనే ఉంచితే ఊపిరాడక చచ్చిపోతుంది.

ఒకే పోలికలో ఉండే మన మంచినీటి చేపలను వేరుగా గుర్తుపట్టడం ఎలాగన్నది ఈ రోజు విషయం. కూరకు పనికొచ్చే ముచ్చటే. మన రుద్రారం, పటాన్‌చెరు ప్రాంతంలో మాత్రం ఇది కూరతో ఆగదు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

మొట్టమొదట చేయాల్సిన పని రంగును పక్కన పెట్టడం. చేపను చూడగానే మనందరం రంగే చూస్తాం. నల్లగా ఉంది, ఎర్రగా ఉంది, మచ్చలున్నాయి అంటాం. చేప రంగు నీటిని బట్టి మారుతుంది. తామరాకులు, నాచు దట్టంగా ఉన్న కుంటలో పెరిగిన కొర్రమీను బొగ్గులా ఉంటుంది. అదే జాతి చేప కొత్త నీరు వచ్చి బురద కలిసిన చెరువులో పాలిపోయి మట్టి రంగుకు తిరుగుతుంది. వయసుతో మారుతుంది, గుడ్లు పెట్టే కాలంలో మారుతుంది, చచ్చిన గంటకే మారుతుంది. రెక్కల్లోని ముళ్ల లెక్క, నోటి తీరు, మీసాల సంఖ్య, పొలుసు సైజు మాత్రం ఏ చెరువులో పెరిగినా, చచ్చినా, బతికినా దాదాపు మారవు. శాస్త్రవేత్త చూసేవి అవే, తరాలుగా వల వేసిన ముదిరాజు, గంగపుత్ర పెద్దలు చూసేవీ అవే. ఒకరు లెక్కపెట్టి చెబుతారు, ఇంకొకరు చేత్తో తడిమి చెబుతారు. పట్టుకున్న జాగా ఒకటే.

ఇక కొర్రమీను సంగతి. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. కిలో కొర్రమీను ధర పెడితే రెండు మూడు కిలోల బొచ్చె వస్తుంది, అందుకే దాని పేరుతో పక్క చేపలు అమ్ముడుపోతాయి. మన నీళ్లలో ఈ కుటుంబం చేపలు ముఖ్యంగా నాలుగు. కొర్రమీను, మట్టగిడస, పూమీను, ఇంకా రాళ్ల వాగుల్లో, చిన్న మడుగుల్లో కనిపించే జానెడు చేప ఒకటి. ఊరూరికీ పేర్లు కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఒకచోట బొమ్మె అంటే ఇంకోచోట అదే పేరు వేరే చేపకు చెల్లుతుంది. కాబట్టి అమ్మేవారు చెప్పే పేరు కన్నా మీ కళ్లను నమ్మండి.

చేపను అడ్డంగా పట్టుకుని వీపు రెక్కను వేలితో నిమిరి పైకి లేపండి. తల వెనక నుంచి తోక దాకా ఒకటే పొడుగు రెక్క, మధ్యలో తెగదు. దాన్ని వెలుతురుకు పెడితే పల్చటి పొరలో సన్నటి ముళ్లు ఒక్కొక్కటే కనిపిస్తాయి. మట్టగిడసకు ఇవి 30 చుట్టుపక్కల, అంటే 28 నుంచి 33 దాకా ఉంటాయి. కొర్రమీనుకు 40 చుట్టుపక్కల, సుమారు 37 నుంచి 46. పూమీనుకు 45 నుంచి 55 దాకా. బజారులో నిలబడి 40 ముళ్లు లెక్కపెట్టమంటావా అని మీరు నవ్వవచ్చు. అంతా లెక్కపెట్టనక్కర్లేదు. 30 దాటాక ఇంకా బోలెడు రెక్క మిగిలి ఉందా, అక్కడితో అయిపోయిందా చూస్తే చాలు, కొర్రమీనూ మట్టగిడసా విడిపోతాయి.

పొలుసు కూడా ఇదే మాట చెబుతుంది. చేప పక్కన మొప్ప నుంచి తోక దాకా సన్నటి గీత లాంటిది పోతుంది. మట్టగిడసకు ఆ గీత మీద 40కి లోపే పొలుసులు. కొర్రమీనుకు 50 పైన. పూమీనుకు 60 నుంచి 70. అంటే ఒకే పొడవున్న రెండు చేపలను పక్కపక్కన పెడితే మట్టగిడస పొలుసు పెద్దగా, కొర్రమీను పొలుసు చిన్నగా కనిపిస్తుంది. తల చూడండి. కొర్రమీను తల పొడుగ్గా, పైన బల్లపరుపుగా, అచ్చం పాము తలలా ఉంటుంది. మట్టగిడస తల పొట్టి, మూతి మొండి. కొర్రమీను కింది దవడలో కోరల్లాంటి పళ్లుంటాయి, నోట్లో వేలు పెట్టి చూడమని మాత్రం నేను చెప్పను.

మచ్చల సంగతి చెబితే గాని మీకు తృప్తి ఉండదని తెలుసు. మట్టగిడస ఒంటి మీద నల్లటి చుక్కలు చల్లినట్టుంటాయి. కొర్రమీనుకు పక్కల్లో వంకర పట్టీలు, కింద తెల్లటి లేదా పసుపు తిరిగిన పొట్ట. పూమీనుకు తోక మొదట్లో చుట్టూ నారింజ అంచున్న నల్లటి కన్ను లాంటి మచ్చ ఉంటుంది, చిన్న చేపలో బాగా కనిపిస్తుంది. ఇక్కడొక చిక్కు ఉంది. కొర్రమీను పిల్లకు కూడా వీపు రెక్క చివర ఒక కంటి మచ్చ ఉంటుంది. కంటి మచ్చ ఉంది కాబట్టి పూమీను అని తేల్చేస్తే పొరపాటే. మచ్చ తోక మీద ఉందా, వీపు రెక్క మీద ఉందా చూడాలి. రాళ్ల వాగుల్లో ఉండే నాలుగోదానికి మొప్ప పక్క రెక్కల మీద అడ్డ చారలు, వీపు రెక్కకు నారింజ అంచు. జానెడుకు మించి పెరగదు. ఎవరైనా దాన్ని కొర్రమీను పిల్ల అని అమ్మితే కొనకండి, ఎన్నాళ్లు పెంచినా అది అంతే ఉంటుంది.

కొర్రమీనుకూ మట్టగిడసకూ శాస్త్రం పేర్లు పెట్టినవాడు బెర్లిన్ వైద్యుడు బ్లాక్. దక్షిణ భారతం నుంచి సారాలో మునిగి వచ్చిన చేపలను చూసి 1793లో ఆ పని చేశాడు. ఒకదానికి చారల పేరు, ఇంకోదానికి చుక్కల పేరు. అంటే ఆయన కూడా చూసింది ముందు రంగునే! తర్వాత వచ్చినవాళ్లు ముళ్లు, పొలుసులు లెక్కపెట్టి ఆ పేర్లను నిలబెట్టారు. మన దగ్గర 1940ల్లో ఎం. రహీముల్లా హైదరాబాదు సంస్థానం చేపల సర్వే చేసి, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా అచ్చు వేయించారు. మన చెరువుల్లో ఒకప్పుడు ఏమేం చేపలుండేవో తెలుసుకోవాలంటే ఇప్పటికీ ఆ పుటలే తిప్పాలి. నిజాం కాలంలో చేసిన ఆ జాబితాను ఇప్పటి చెరువుతో సరిపోల్చడానికి ప్రతి డిగ్రీ కాలేజీ జంతుశాస్త్ర విభాగం ఒక్కో చెరువు పట్టుకుంటే ఎంత బాగుండును.

అన్నట్టు, మృగశిర నాడే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వారు మందుగా పంచే చేప ప్రసాదంలో కూడా బతికున్న కొర్రమీను పిల్లనే వాడతారు. మత్స్యశాఖ అక్కడికి వేల సంఖ్యలో పిల్లలను తెచ్చి అమ్మకానికి పెడుతుంది. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది ఈ ప్రసంగం పరిధి కాదు. రెండంగుళాల పిల్లను చేతిలో పట్టుకుని కొర్రమీనో మట్టగిడసో చెప్పగలిగినవాళ్లు ఆ క్యూలో ఎందరుంటారా అని మాత్రం నాకు ప్రతి ఏడూ అనిపిస్తుంది.

ఇప్పుడు మార్పు చేప. దీని దగ్గర తేడా తెలియకపోవడం జేబుకే కాదు, చెరువుకూ నష్టం.

మన నాటు మార్పుకు పొలుసులుండవు, నాలుగు జతల మీసాలు, పొడుగాటి వీపు రెక్క. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌కూ అవే. పక్కన పెట్టి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇవి రెండూ శాస్త్రానికి ఎక్కిన సంవత్సరం కూడా ఒకటే, 1822. గంగానది చేపల మీద పుస్తకం రాసిన హామిల్టన్ మన మార్పుకు ఆ ఏడు మాగుర్ అని పేరు పెట్టాడు. దక్షిణాఫ్రికాలో గారీప్ నది ఒడ్డున తిరిగిన బర్చెల్ అదే ఏడు ఆఫ్రికా చేపకు ఆ నది పేరు పెట్టాడు. వేల మైళ్ల దూరంలో ఉండాల్సిన ఈ రెండూ ఇప్పుడు మన బజారులో ఒకే టబ్బులో దొరుకుతున్నాయి.

తేడా తల మీద ఉంది. చేప తల పైభాగం గట్టి ఎముక. ఆ ఎముక వెనక అంచు, అంటే మెడ ఉండాల్సిన చోట, వేలితో తడమండి. నాటు మార్పుకు ఆ అంచు ఒకే మొనగా వెనక్కి పొడుచుకుని ఉంటుంది, ఇంగ్లీషు వి అక్షరంలా. ఆఫ్రికా చేపకు ఆ అంచు రెండు లోయలు పడి డబ్ల్యూ అక్షరంలా ఉంటుంది. చర్మం కింద ఉన్నా వేలికి తెలుస్తుంది, చచ్చిన చేపలో ఇంకా బాగా తెలుస్తుంది. మిగతావి దీని తర్వాతే. నాటుది గోధుమ నలుపు, పక్కల్లో సన్నటి తెల్ల చుక్కలు కనిపించవచ్చు. ఆఫ్రికాది బూడిద రంగు మీద మరకలు మరకలుగా ఉంటుంది. నాటు మార్పు ఎంత పెరిగినా అర మీటరు దాటదు, ఎక్కువగా జానా మూరా మధ్యనే ఉంటుంది. కాబట్టి ఎవరైనా మూడు కిలోలు, అయిదు కిలోలు తూగే చేపను చూపించి నాటు మార్పు అంటే తల తడిమే పని కూడా లేదు.

కేంద్ర ప్రభుత్వం ఈ ఆఫ్రికా చేప పెంపకాన్ని 2000లోనే నిషేధించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో మళ్లీ గట్టిగా చెప్పింది. అయినా నగరం చుట్టూ పొలాల మధ్య గుంతలు తవ్వి, కోళ్ల వ్యర్థాలు వేసి గుట్టుగా పెంచడం, అధికారులు వచ్చి ఆ గుంతలు పూడ్చడం మనం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. పెంచేవాళ్లకు లాభం ఎందుకో చెప్పడం తేలిక. మురుగులో బతుకుతుంది, ఏది వేస్తే అది తింటుంది, నెలల్లో కిలో దాటుతుంది. నిషేధానికి కారణం కూడా అదే. వానకు గట్టు తెగి వాగులో పడిందంటే అక్కడున్న జెల్లలు, పరకలు, కప్పలు, గుడ్లు, పిల్లలు ఏవీ మిగలవు. రాజస్థాన్‌లో భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలోకి ఇది చేరితే వేల సంఖ్యలో పట్టి తీయాల్సి వచ్చింది. మనకు పక్కనే మంజీర అభయారణ్యం ఉంది, మొసళ్లు, కొంగలు, వలస పక్షులు అన్నీ ఆ నీటి మీద బతికేవే. ఇస్నాపూర్ దగ్గర గుంతలో వేసిన చేపకు వానాకాలంలో మంజీర ఏమంత దూరం కాదు.

ఇంకొక్క మాట. నాలుగు జతల మీసాలుండి వీపు రెక్క పొడుగ్గా కాకుండా తల వెనక చిన్న కుచ్చులా ఉంటే అది మార్పు కాదు, ఇంగిలాయి. దాని మొప్ప పక్క ముల్లులో విషం ఉంటుంది, గుచ్చుకుంటే చెయ్యి గంటల తరబడి సలుపుతుంది. పిల్లల చేతికి ఇవ్వకండి.

బొచ్చె, రవ్వ, మోసు, ఈ మూడింటి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, పెద్ద చేపలైతే. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, మీసాలు లేవు. అది నీటి పైభాగంలో తింటుంది కాబట్టి నోరు అటు తిరిగింది. రవ్వకు నోరు చిన్నది, కిందికి ఉంటుంది, పెదవులకు అంచు కుచ్చులు, వెతికితే సన్నటి మీసాల జత. మోసు సన్నటి ఒళ్లు, పల్చటి పెదవులు, అడుగున తినే చేప. నాలుగు మీసాలు, రంపం లాంటి గట్టి ముల్లుతో మొదలయ్యే పొడుగు వీపు రెక్క ఉంటే బంగారు తీగ. ఈ మధ్య బొచ్చె పేరుతో బిగ్‌హెడ్ అనే చైనా చేప వస్తోంది, దాని తలా పెద్దదే. పొలుసు చూడండి. బొచ్చె పొలుసు రూపాయి బిళ్లంత పెద్దగా ఊడుతుంది, బిగ్‌హెడ్ పొలుసు నలుసులంత. పైగా దాని కన్ను నోటి మట్టానికి కిందకు దిగి ఉంటుంది, చూస్తేనే ఏదో తేడాగా కనిపిస్తుంది.

అసలు చిక్కు పిల్లల దగ్గరే. 2016 నుంచి ప్రభుత్వం మన చెరువులకు ఉచితంగా చేప పిల్లలు ఇస్తోంది. చిన్న కుంటలకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీరుండే చెరువులకు, రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల. లారీ వస్తుంది, ఆక్సిజన్ నింపిన కవర్లు దించుతారు, ఫొటో దిగుతారు, కవర్లు విప్పి వదిలేస్తారు. మత్స్యకారుల సొసైటీ సభ్యులు సంఖ్య గురించి కొట్లాడతారు గాని జాతి గురించి అడిగేది తక్కువ. పైన తినేది, మధ్యలో తినేది, అడుగున తినేది సరైన పాళ్లలో పడితేనే చెరువు తిండి అంతా చేపగా మారుతుంది. అన్నీ రవ్వలే వస్తే పైనున్న తిండి వృథా, నష్టం తెలిసేది మరుసటి ఎండాకాలం వల లాగినప్పుడు.

కాబట్టి సొసైటీ వాళ్లకు నా సలహా ఇది. గాజు గిన్నెలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, కవరులోంచి ఒక గరిటెడు పిల్లలను అందులో వేయండి. పైనుంచి కాకుండా పక్క నుంచి చూడండి. బొచ్చె పిల్ల తల అప్పటికే ఒంటికి మించినట్టు ఉంటుంది, తోక మొదట్లో మచ్చ ఉండదు. రవ్వకు, మోసుకు తోక మొదట్లో నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఈ రెంటినీ విడదీయాలంటే పెదవి చూడాలి, కుచ్చులుంటే రవ్వ, నున్నగా ఉంటే మోసు. దానికి భూతద్దం కావాలి. భూతద్దం ఖరీదు ఒక కిలో చేప ధర కూడా ఉండదు. మూడు నాలుగు కవర్లలోంచి ఇలా తీసి చూస్తే ఏ జాతి ఎన్ని పాళ్లు వచ్చిందో తెలిసిపోతుంది, అది రాసి సంతకం పెట్టించుకోండి.

బజారులో మోసపోయే జంటలు ఇంకా ఉన్నాయి, ఒకటి చెప్పి వదిలేస్తాను. ఆదివారం రాంనగర్ మార్కెట్టు దాకా పోనక్కర్లేదు, మన దగ్గరే రూప్‌చంద్‌ను చందువ అని అంటగడతారు. రూప్‌చంద్ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మంచినీటి చేప, చందువ సముద్రపు చేప. నోరు తెరవండి, మనిషి పళ్లలాంటి పళ్లుంటే రూప్‌చంద్. చందువకు పొట్ట కింద జత రెక్కలే ఉండవు, దీనికి ఉంటాయి. రూప్‌చంద్ చెడ్డ చేపని నేననడం లేదు, చందువ ధర పెట్టకండి అంటున్నాను.

ఇప్పుడు మొదట్లో ఆపిన మాటకు వస్తాను.

మనది చెరువులూ ఫ్యాక్టరీలూ పక్కపక్కన ఉన్న నేల. పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల్లో మొదలైంది, తర్వాత బొల్లారం, పాశమైలారం. ఇసుకవాగు, నక్కవాగు ఆ ఫ్యాక్టరీల నీళ్లు మోసుకుపోయి మంజీరలో కలుస్తాయి. కాలుష్యం మీద 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకుడు జోయకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు దగ్గర శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షిస్తే, అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ మందు నీళ్లలో ఉందని కంటికి తెలియదు.

ఇక చేపలు తేలడం మనకు కొత్త కాదు. 2017లో గండిగూడెం చెరువులో కుప్పలుగా తేలాయి. ఆ తర్వాతా ఈ ప్రాంతంలో చెరువు మార్చి చెరువు ఇదే వార్త. ప్రతిసారీ జరిగేది ఒకే తంతు. చేపలు చచ్చాయంటారు, టన్నుల్లో లెక్క చెబుతారు, గొయ్యి తీసి పాతిపెడతారు. ఏ చేపలు చచ్చాయి, ఏవి బతికాయి అని ఎవరూ రాయరు. అక్కడే ఆధారం పోతోంది.

చెరువులో ఆక్సిజన్ తగ్గి చేపలు చచ్చే తీరు ఒకటుంది. పగలు నాచు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి ఆ నాచే దాన్ని వాడుకుంటుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. అందుకే అలాంటి చావులు తెల్లారేసరికి కనిపిస్తాయి, మబ్బు పట్టిన రోజుల్లో ఎక్కువ. ముందు చచ్చేవి పెద్ద చేపలు. బొచ్చె, రవ్వ, మోసు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ చస్తాయి. కొర్రమీను, మట్టగిడస, మార్పు మాత్రం గాలి పీల్చి బతికిపోతాయి. గట్టు మీద ఉన్న శవాల్లో ఒక్క కొర్రమీను కూడా లేదంటే సాధారణంగా ఆక్సిజన్ లేకపోవడమే కారణం.

విషం పడిన తీరు వేరు. దానికి తెల్లవారుజాము అక్కర్లేదు, మధ్యాహ్నమైనా చస్తాయి. పరకలు, చిన్న పిల్లలు ముందు పోతాయి. కప్పలు, నత్తలు కూడా పోవచ్చు. నీటిలోని ఆక్సిజన్ మీద ఆధారపడని కొర్రమీను, మార్పు కూడా వెల్లకిలా తేలాయంటే, నీళ్లలో ఇంకేదో ఉందని గట్టిగా అనుమానించాలి. ఇది ఒక్కటే కోర్టులో నిలిచే రుజువు కాదు. నీటి నమూనా ఏ గంటకు, ఏ తూము దగ్గర తీయాలో, అందులో దేనికోసం వెతకాలో మాత్రం ఇది చెబుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. ఆక్సిజన్ తగ్గింది అనగానే కథ అయిపోయిందని, ఎవరి తప్పూ లేదని చాలాసార్లు ఫైలు మూసేస్తారు. ఆక్సిజన్ ఊరికే తగ్గదు. కాలనీల మురుగు వచ్చి పడినా, ఫ్యాక్టరీ నుంచి కుళ్లే పదార్థం వచ్చి పడినా, దాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చేస్తాయి. కొర్రమీను బతికింది కాబట్టి నీళ్లు మంచివే అనుకోకూడదు. నిజానికి ఒకప్పుడు పరకలు, జెల్లలు, పాపెరలు, వాలుగలు అన్నీ దొరికిన చెరువులో ఇప్పుడు వలకు గాలి పీల్చే చేపలు మాత్రమే పడుతున్నాయంటే, ఆ చెరువు ఏళ్లుగా ఊపిరాడక ఉన్నట్టే లెక్క. నా దృష్టిలో లాబొరేటరీ రిపోర్టు రాకముందే రాసిపెట్టుకోదగ్గ సాక్ష్యం అది. కాని దాన్ని రాయాలంటే మట్టగిడసను కొర్రమీను అనకూడదు, నాటు మార్పు ఉన్న చోట ఆఫ్రికాదాన్ని రాయకూడదు.

రుద్రారం, లక్డారం, ఇస్నాపూర్, చిట్కుల్ చుట్టుపక్కల శ్రోతలకు నా విన్నపం ఒకటే. మీ చెరువులో చేపలు తేలిన రోజున పాతిపెట్టే ముందు ఒక అరగంట ఆగండి. ఎన్ని గంటలకు చూశారో రాయండి. గట్టు మీద జాతులవారీగా వేరు చేసి, వీపు రెక్క విప్పి, తల పైభాగం కనిపించేలా ఒక్కో జాతికి ఒక్కో ఫొటో తీయండి. బతికి ఉన్నవి ఏవో కూడా రాయండి. అదే గంటలో శుభ్రమైన సీసాతో నీళ్లు పట్టండి, మొప్పలు ఇంకా ఎర్రగా ఉన్న చేపలు రెండు మూడు మంచులో పెట్టండి. తర్వాత మత్స్యశాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ చేయండి, వచ్చిన అధికారి చేతికి ఆ కాగితం ఇచ్చి, దాని నకలు మీద సంతకం తీసుకోండి.